చివి అంటే చెవి కాదు

రెజైనా,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు శైలజ నమస్కారాలు.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాన్నకు షుగర్ మాత్రలు ఎవరు గుర్తు చేస్తున్నారు? అవ్వకు చలికాలం దగ్గు తగ్గిందా? మీరందరూ బాగున్నారని తెలిస్తే నాకు ఇక్కడ అన్నం సహిస్తుంది. నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. వీడియోలో ముఖం చిక్కిపోయిందన్నావు కదా, అది మా బేస్‌మెంట్ లైటు చేసే పని. దాని కింద ఎవరిని నిలబెట్టినా టైఫాయిడ్ నుంచి లేచినట్టే కనిపిస్తారు.

వారం వారం ఫోన్ చేస్తూనే ఉండి ఉత్తరమేమిటి అనుకుంటావు. నువ్వు ఫోన్ స్పీకర్‌లో పెడతావు, పక్కనే అవ్వ కూర్చుంటుంది. ఇది నీకు మాత్రమే చెప్పవలసిన సంగతి. నా రూమ్మేట్ స్రవంతి వాళ్ళన్న పెళ్ళికి వరంగల్ వెళ్తోంది, అక్కడి నుంచి పోస్టు చేస్తానంది. నువ్వు తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక నేర్చుకున్నదానివి కాబట్టి కలిపి రాయకుండా గుండ్రంగా, విడివిడిగా రాస్తున్నాను. నెమ్మదిగా చదువు.

ఇక్కడ ఈ నెలంతా మైనస్ ముప్పై. బస్‌స్టాపులో పది నిమిషాలు నిలబడితే కనురెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుంటాయి. తిండికి లోటు లేదు. నలుగురం వంతులవారీగా వండుకుంటాం. నా వంతు వచ్చిన రోజు రాగిముద్ద చేస్తే తెలంగాణ పిల్లలు చూసి నవ్వుతారు, ఆనక తింటారు. కాలేజీ నడుస్తోంది. మన పిల్లలు ఎంతమంది వచ్చిపడ్డారంటే, కాఫీ షాపులో ఒక్క ఉద్యోగమని బోర్డు పెడితే వరుస వీధి మలుపు దాకా ఉంటుంది. ఆ వరుసల్లో నిలబడీ నిలబడీ చివరికి నాకు వృద్ధుల సంరక్షణ గృహంలో పని దొరికిందని చెప్పాను కదా. డైటరీ ఎయిడ్ అంటారు. వంట నాది కాదు, వడ్డన మాత్రమే. ఎవరికి మెత్తగా చేసినది, ఎవరికి ఉప్పు లేనిది, ఎవరి టీ చిక్కగా చేస్తే తప్ప గొంతు దిగదు, ఇవన్నీ ఇప్పుడు నాకు కంఠస్థం.

అక్కడ హెలెన్ అని ఒక పెద్దావిడ ఉంది. తొంభైకి దగ్గర పడింది. రెండో అంతస్తులో కిటికీ గది ఆమెది. ఆ కిటికీలోంచి చూస్తే కార్లు నిలిపే చోటు, దాని వెనక రైలుపట్టాలు, ఆ వెనక ఇంకేమీ లేని తెల్లటి నేల. రోజంతా దానినే చూస్తూ కూర్చుంటుంది. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాదు, ‘హెలెన్ గారూ’ అంటాను. గారు అని నా ఇంటిపేరు చెప్పుకుంటున్నాననుకుని ఆమె మొదట్లో నన్ను ‘మిస్ గారు’ అని పిలిచేది.

అప్పుడు ఆమె ఇంగ్లీషు శుభ్రంగా ఉండేది. టీలో చక్కెర తగ్గితే ఊరుకునేది కాదు. అక్టోబరులో చిన్న స్ట్రోక్ వచ్చింది. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి గాని ఇంగ్లీషు పోయింది. ఆ చోట ఇంకేదో మాట వచ్చి కూర్చుంది. దానితోపాటు గొంతు కూడా మారింది. చిన్నపిల్ల ఎవరినో పిలుస్తున్నట్టుండేది.

ఆమె కాగితాల్లో మాతృభాష అన్న గడిలో ఫిన్నిష్ అని ఉంది. ఇక్కడికి తూర్పున ఎప్పుడో ఫిన్లాండ్ నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్ళున్నాయి. ఆ రైతుల మనవరాలు ఐలా అనే పెద్దావిడ బుధవారం బుధవారం వచ్చి, అందరితో కాఫీ తాగి, కబుర్లు చెప్పి పోతుంది. ఆమెను హెలెన్ దగ్గర కూర్చోబెట్టారు. ఐలా ఓపిగ్గా విని తల అడ్డంగా ఊపింది.

“ఇది ఫిన్నిష్ కాదు. అక్కడక్కడా మన మాటలాగే వినిపిస్తుంది, అంతలోనే విరిగిపోతుంది. పాపం, లోపల అన్నీ కలగాపులగమైపోయాయి.”

ఆ మాటే ఫైల్లోకి ఎక్కింది. ఆమె మాటలకు అర్థం లేదని.

జనవరిలో ఒక ఉదయం ఓట్‌మీల్ గిన్నె పట్టుకుని వెళ్ళాను. నన్ను చూడగానే దోసిలి పట్టి “చివి” అంది. “చివి, చివి.” అమ్మా, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత దూరంలో ఒక తెల్ల ముసలావిడ నోట చెవి అన్న మాట! ఆమెకు తెలుగు రాదని నాకు తెలియదా? తెలుసు. అయినా నా చెయ్యి నా చెవి మీదికే పోయింది. “ఇక్కడా? నొప్పా?” అని చూపించాను. ఆమె విసుగ్గా కళ్ళు మూసుకుంది. అది నొప్పే అనుకున్నాను.

వెళ్ళి నర్సు జాయ్‌కి చెప్పాను. జాయ్ ఫిలిప్పీన్స్ మనిషి, నన్ను షై అని పిలుస్తుంది.

“చెవి నొప్పని ఆమె చెప్పిందా నీకు?”

“చెప్పింది” అన్నాను. చూడు, ఎంత ధైర్యంగా అన్నానో.

జాయ్ టార్చితో రెండు చెవుల్లోకీ చూసింది. గులిమి ఉందని చుక్కల మందు వేయబోయింది. హెలెన్ తల తిప్పింది, వద్దంది, చివరికి రెండు చేతులతో తోసేసింది. ట్రే ఎగిరి వేడి టీ జాయ్ మణికట్టు మీద పడింది. జాయ్ మంచిది. “కాలింది కాబట్టి రాయక తప్పదు షై” అని బాధపడుతూనే రాసింది. అంతకు ముందు స్నానం చేయించే ఆమెను తోసిందని ఒక కాగితం ఉంది. ఇది రెండోది. మేనేజరు హెలెన్ కూతురికి ఫోన్ చేసి, మీ అమ్మను మతి తప్పినవాళ్ళను ఉంచే కింది అంతస్తు వార్డుకు మార్చాలి, వచ్చే శుక్రవారం కూర్చుని మాట్లాడదాం అంది.

ఆ కింది వార్డు నేను చూశాను. తలుపుకు నంబర్ల తాళం. కిటికీలు ఎదుటి గోడ మీదికి తెరుచుకుంటాయి. అక్కడివాళ్ళు దయగలవాళ్ళే, కాదనను. కానీ అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ పైకి రావడం నేను చూడలేదు. హెలెన్ ఎవరినీ కొట్టలేదమ్మా. అడిగింది ఇవ్వకుండా చెవిలో చల్లటి మందు పోస్తుంటే ఎవరైనా తోస్తారు. ఆ మందు నా మాట మీద వచ్చింది.

ఆ బుధవారం ఐలా కాఫీ తాగుతుంటే పక్కన కూర్చున్నాను.

“ఐలా గారూ, ఫిన్నిష్‌లో చివి అంటే ఏమిటి?”

“అలాంటి మాటే లేదు.” బిస్కెట్టు కాఫీలో ముంచింది. “కివి ఉంది. కివి అంటే రాయి.”

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు.

నాకు ఆరో ఏడో ఏళ్ళు. చెవిపోటుతో ఏడుస్తుంటే నువ్వు కంగారులో నీ కన్నడంలో “కివి నోయ్తిదెయా?” అన్నావు. వాకిట్లో నలుగురూ ఉన్నారు. “చెవి అని పలకడం చేతకాని కోడలు దొరికింది మాకు. పిల్లలకీ ఈ కికీలే నేర్పుతుంది” అని అవ్వ నవ్వింది. నలుగురూ నవ్వారు. ఏడుపు ఆపి నేనూ నవ్వాను. ఆ తర్వాత నీ నోట ఆ మాట వినలేదు. మధుగిరి నుంచి మామ ఫోన్ చేస్తే వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడేదానివి. నేను తలుపు ఇవతల నిలబడి వినేదాన్ని. మీ కివి, మా చెవి. మీ కెరె, మా చెరువు. మీరు కి, కె అనే చోట మేము చి, చె అంటాము. బడిలో ఎవరూ చెప్పని ఆ సంగతి నీ వంటింటి తలుపు దగ్గర దొంగచాటుగా నేర్చుకున్నాను.

“ఊరిని ఏమంటారు?” అని ఐలాను అడిగాను.

“క్యులా.”

“నాలుకను?”

“కియెలి. భాష అన్నా అదే మాట. ఎందుకు?”

“హెలెన్ గారు చులా అంటుంది. చేలి అంటుంది. మీరు విన్నారు కదా? ఆ చ తీసేసి క పెట్టి చూడండి.”

ఐలా పెదవులతోనే ఆ మాటలు పలికి చూసుకుంది. బిస్కెట్టు విరిగి కాఫీలో మునిగిపోయింది. “అయ్యో దేవుడా” అంది చివరికి. “ఆమె రాయి అడుగుతోంది. ఇన్నాళ్ళూ రాయి అడుగుతోంది. నేనే కదా అర్థం లేదని చెప్పాను.”

ఇంటికొచ్చి ఫోన్లో వెతుకుతూ కూర్చున్నాను.

“ఏందే, వచ్చినప్పటి సంది చెవి, చెవి అనుకుంట తిరుగుతున్నవ్? చలికి దిమాక్ గడ్డకట్టిందా?” అని స్రవంతి ఫోన్లోకి తొంగి చూసింది.

దొరికింది. రష్యాలో, ఎస్టోనియా సరిహద్దు పక్కన, సముద్రపు ఒడ్డున కొన్ని పల్లెలు. అక్కడ వోట్ అనే ఒక జాతి. వాళ్ళ భాష ఫిన్నిష్‌కు దాయాది. ఫిన్నిష్‌లో కి, కె అనే చోట వాళ్ళు చి, చె అంటారు. తమ మాటను వాళ్ళు ‘నేల భాష’ అని పిలుచుకుంటారట.

“వోట్లా? ఇదేం పేరే?” అంది స్రవంతి. “మరి గెలిసిన్రా?”

“గెలవలేదు” అన్నాను.

ఒకప్పుడు ఊళ్ళకు ఊళ్ళు వాళ్ళవే. ఆ తర్వాత పక్కనున్న పెద్ద జాతులతో పెళ్ళిళ్ళు, వాళ్ళ బడులు. బడిలో ఇంటి మాట మాట్లాడితే ఎగతాళి. జనాభా లెక్కల వాళ్ళు వస్తే కొందరు మేము రష్యన్లమన్నారు, కొందరు ఇంకో జాతి పేరు చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో, ఉన్న కొద్దిమందినీ ఓడలెక్కించి ఫిన్లాండ్‌కు తరలించారు. యుద్ధం అయ్యాక వెనక్కి పంపారు గాని సొంత ఊళ్ళకు వెళ్ళనివ్వలేదు, ఎక్కడెక్కడికో చెదరగొట్టారు. ఇప్పుడు ఆ భాష మాట్లాడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కకొస్తారట. ఆ వేళ్ళలో ఒకటి మా రెండో అంతస్తులో కూర్చుని, రాయి ఇవ్వమని ఓట్‌మీల్ తెచ్చే పిల్లను అడుగుతోంది.

పొద్దున్నే జాయ్‌కి అంతా చెప్పాను. చెవి సంగతి నేను కల్పించిందేనని కూడా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. “ఇంట్లో నేను మాట్లాడేది కూడా మా దేశంలో చాలామందికి రాదు షై” అని, వెంటనే హెలెన్ కూతురు మరియాన్‌కు ఫోన్ చేసింది. మరియాన్ రిటైరైన టీచరు, మాట తక్కువ మనిషి. “రాయా?” అంది. మళ్ళీ తనే, “క్యాబేజీ రాయా?” అంది.

శుక్రవారం మరియాన్ ఆ రాయి తువ్వాలులో చుట్టుకుని తెచ్చింది. మన రుబ్బురోలు పొత్రమంత ఉంటుంది, బూడిద రంగు, నున్నగా. ఏటేటా శరదృతువులో క్యాబేజీ సన్నగా తరిగి, ఉప్పు కలిపి జాడీలో పెట్టి, పైన బరువుకు ఆ రాయి పెట్టేదట హెలెన్. ఇల్లు ఖాళీ చేసినప్పుడు మరియాన్ దాన్ని గరాజు తలుపుకు అడ్డం పెట్టుకుంది. “అమ్మకు ఇక క్యాబేజీతో పనేముంది అనుకున్నాను” అంది.

టీ పట్టుకుని నేనూ ఆ గదిలోనే ఉన్నాను. మేనేజరు, జాయ్, మరియాన్, ఐలా. రాయి బల్ల మీద పెట్టగానే హెలెన్ దాన్ని రెండు చేతులా ఒళ్ళోకి లాక్కుంది. ఐలా ఆమె ముందు వంగి, మెల్లగా, తన నోటికి అలవాటు లేని ఆ చ పెట్టి అడిగింది.

“చివి?”

హెలెన్ అరచెయ్యి చటుక్కున ఐలా నోటి మీద పడింది. కొట్టలేదు, మూసింది. తలుపు వైపు చూసింది, మేనేజరు వైపు చూసింది. ఐలా చెవి దగ్గర ఏదో గొణిగింది. ఐలా కళ్ళు నిండిపోయాయి. ఆ తర్వాత హెలెన్ నిటారుగా కూర్చుని, అక్టోబరు తర్వాత మొదటిసారి ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ అంది.

“ఇది రాయి. క్యాబేజీ మీద పెడతాను. థాంక్యూ.”

మేనేజరు కాగితాలు మూసేసింది. “ఈమెను కిందికి పంపవలసిన పని లేదు” అంది. కిటికీ గది ఆమెదే. నా గుండె మీది బరువు దిగిందమ్మా. కానీ అది ఎంతోసేపు నిలవలేదు. బయట నడవాలోకి వచ్చాక ఐలా చెప్పింది, హెలెన్ ఏం గొణిగిందో. ఫిన్నిష్‌లోనే అందట. “క అను. క అను. చ అన్నావంటే మనల్ని వెనక్కి పంపేస్తారు.”

మరియాన్ గోడకు ఆనుకుంది. “మా అమ్మమ్మ మా ఇంట్లోనే ఉండేది” అంది. “ఆవిడ అన్నిటికీ చ, చ అనేది. పళ్ళు లేక అలా వస్తోందనుకున్నాం. పిల్లలం వెక్కిరించేవాళ్ళం. అమ్మ కేకలేసేది. మమ్మల్ని కాదు, అమ్మమ్మని.” రాయి చుట్టి తెచ్చిన తువ్వాలును మడతపెట్టింది. “మేం ఫిన్నులం అని చెప్పింది అమ్మ. జీవితమంతా అదే చెప్పింది. నా దగ్గర దేనికి భయపడాలి?”

ఫిన్లాండ్‌లో పట్టుబడితే వెనక్కి పంపుతారని హెలెన్ తల్లి తన చిన్న కూతురికి చ మాన్పించి క నేర్పి ఉంటుంది. అలా దాక్కుని స్వీడన్, అక్కడి నుంచి ఇక్కడికి. పిల్ల బాగా నేర్చుకుంది. ఎంత బాగానంటే తన కూతురికి కూడా తెలియనివ్వలేదు.

ఆ శుక్రవారం తర్వాత హెలెన్ ఆ భాషలో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంగ్లీషు కొంచెం కొంచెం తిరిగొస్తోంది. ఐలాతో ఫిన్నిష్. మరియాన్ ఎస్టోనియాలో ఒక విశ్వవిద్యాలయానికి రాస్తే వాళ్ళు ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. ఆమె నోటి నుంచి నాలుగు మాటలు దొరికినా మాకు విలువైనవే, వీలైతే రికార్డు చేయండి అని. మరియాన్ రికార్డర్ పెట్టుకుని రెండు ఆదివారాలు కూర్చుంది. హెలెన్ దాన్ని చూసి చక్కటి ఫిన్నిష్‌లో వాతావరణం గురించి మాట్లాడిందట. కాగితాల్లోనైనా సరిచేద్దామని జాయ్ ఆ మాతృభాష గడి చూపించి, ఏం రాయమంటారని అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

“ఫిన్నిష్. ఫిన్నిష్ అనే రాయండి” అంది హెలెన్.

ఒక జాతి తగ్గిపోవడమంటే మనుషులు పోవడమే అనుకునేదాన్ని. మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగుతూనే లెక్కలోంచి ఒకటి తీసేయగలదని ఆ రోజు చూశాను. మేము ఆమె గదిని కాపాడాము. అది కాపాడడం కోసం, ఆమె మాట మాకు అర్థమవుతుందని ఆమెకు తెలియజేశాము. ఎవరికీ అర్థం కానన్నాళ్ళూ హాయిగా మాట్లాడుకుంది. అర్థమైందని తెలిసిన క్షణాన నోరు మూసుకుంది. ఇది నాకు గొంతు దిగడం లేదు.

నీ సంగతీ ఆమె సంగతీ ఒకటేనని అనడం లేదు. కన్నడానికేం, కోట్లమంది ఉన్నారు. నువ్వు వంటింట్లో మానేసినంత మాత్రాన మధుగిరిలో అది ఆగిపోలేదు. కానీ మన ఇంట్లో ఆగిపోయింది. ఆ రోజు వాకిట్లో నేను కూడా నవ్వాను. దానికి క్షమాపణ ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

ఇంకొక్క సంగతి ఉంది. దీని కోసమే ఇదంతా రాశాను.

నిన్న ఉదయం టిఫిన్‌కు ముందు వేడి గుడ్డతో అందరి చేతులూ తుడుస్తున్నాను. రోజూ ‘హ్యాండ్, ప్లీజ్’ అంటాను. నిన్న ఏదో పరధ్యానంలో, ఇంట్లో ఉన్నట్టు, “చెయ్యి ఇవ్వండి” అనేశాను. హెలెన్ ఉలిక్కిపడింది. నేను గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆమె తలుపు వైపు చూసింది. నా ముఖం చూసింది, నా జడ, నా బ్యాడ్జీ. ఇంత బాహాటంగా చ అంటున్న పిల్ల ఇంకా ఇక్కడే ఉందే అనుకుందేమో. (నా పర్మిట్ గడువు సంగతి ఆమెకు తెలియదులే.) తర్వాత రెండు చేతులూ ఆ గుడ్డలో పెట్టి, పెదవులు కదిలీ కదలనట్టు అంది.

“చ్యాసి.”

ఆనక ఫోన్లో చూశాను. ఫిన్నిష్‌లో క్యాసి. చెయ్యి.

అమ్మా, మరియాన్‌కు ఇంకా చెప్పలేదు. చెబితే రికార్డర్ తెస్తుంది, తేవడం ఆమె తప్పు కాదు, తల్లి మాట మీద నాకంటే ఆమెకే హక్కు. చెప్పకపోతే ఆ మాట నాతోనే పోతుంది. జాయ్‌ను అడిగితే రాసిపెట్టమంటుంది. స్రవంతిని అడిగితే నీకెందుకే ఈ లొల్లి అంటుంది. నాకు తెలిసినవాళ్ళలో దీనికి జవాబు చెప్పగలిగింది నువ్వొక్కదానివే. అవ్వ లేనప్పుడు, తలుపు తీసే ఉండగా, నేను వచ్చి నీ మాటలో మాట్లాడమని అడిగి ఉంటే మాట్లాడేదానివా? నేను పక్కన కాగితం పెట్టుకుని ఉంటే? ఆలోచించి నిజం రాయి. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

నాన్నను సాయంత్రం నడక మానవద్దని చెప్పు. అవ్వకు నా నమస్కారాలు, ఆమె మీద కోపంతో ఇదంతా రాయలేదు. మధుగిరి మామకూ అత్తకూ అడిగానని చెప్పు. వచ్చే నెల పరీక్షలు, నీ ఆశీస్సులు ఉంటే గట్టెక్కుతాను. వీలైతే స్రవంతి వెనక్కి వచ్చేటప్పుడు హురుళికాళ్ళు అరకిలో పంపించు. చూశావా, ఉలవలని రాయబోయి నీ మాటే వచ్చింది, కొట్టేయడం లేదు.

జవాబు మాత్రం కన్నడంలోనే రాయి. అక్షరాలు అటూ ఇటూగా మనవే, కూడబలుక్కుంటాను. ఎన్ని రోజులు పట్టినా ఒక్కొక్కటే పైకి చదువుతాను.

నీ పాదాలకు మొక్కుతూ,
నీ కూతురు
శైలజ